‘పాపం రా ఆడు’: సినిమా రోబో మీద మన జాలి ఎంతవరకు న్యాయం?

విశాఖలో జగదాంబ సెంటర్ చుట్టుపక్కల సెకండ్ షో వదిలాక టీ బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు, సినిమా మీద అసలు తీర్పు అక్కడే వినిపిస్తుంది. ఫైట్లు బాగున్నాయా, పాటలు బాగున్నాయా, పెట్టిన టికెట్ డబ్బులు గిట్టాయా లేదా, ఇవన్నీ అయిపోయాక చివర్లో ఎవరో ఒకరు ‘పాపం రా ఆడు’ అంటారు. ఉత్తరాంధ్రలో వాడిని ఆడు అంటారు. ఈ మాట సగంలో చచ్చిపోయిన హీరో ఫ్రెండ్ మీద రావచ్చు, మోసపోయిన విలన్ తమ్ముడి మీద రావచ్చు. 2010లో శంకర్ తీసిన ‘రోబో’ చూసొచ్చినవాళ్ల నోట చిట్టి మీద కూడా వచ్చింది. రజనీకాంత్ ముఖం తగిలించుకున్న ఇనప సామాను గురించి, ‘పాపం రా అది’ అని కాకుండా, ‘ఆడు’ అని.

వినడానికి చిన్న విషయమే గానీ తెలుగులో ఇది పెద్ద ప్రమోషన్. మన వ్యాకరణం ఏకవచనంలో లోకాన్ని రెండు ముక్కలు చేసి పెట్టింది. మగవాడు మహత్తు, ‘వచ్చాడు’. మిగిలినవన్నీ అమహత్తు, ‘వచ్చింది’. సీత వచ్చింది, ఆవు వచ్చింది, గాజువాక బస్సు వచ్చింది, అన్నిటికీ ఒకే క్రియ. (ఆడవాళ్లని తీసుకెళ్లి బస్సుతో కలిపి కట్టేసిన ఈ ఏర్పాటు మీద వేరే వ్యాసం రాయాలి, ఇప్పుడు కాదు.) చిట్టి మాత్రం బస్సు వైపు నుంచి మనిషి వైపుకి దాటేశాడు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి అనే కారుకి కీర్తి సురేశ్ గొంతిచ్చింది. దాన్నీ జనం ముద్దు చేశారు, కానీ అది ఆడగొంతు కాబట్టి ‘బుజ్జి వచ్చింది’ అన్నప్పుడు కారుని అన్నారో మనిషిని అన్నారో వ్యాకరణాన్ని బట్టి తేల్చలేం.

సరే, అసలు ప్రశ్న. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో రోబోలు మన సానుభూతికి అర్హులేనా? దీని మీద వాదన మొదలైతే మామూలుగా రెండే గట్లు. ఒక గట్టు మీదవాళ్లు, దానికి నొప్పి తెలీదు, ఆకలి లేదు, లోపలంతా వైర్లూ ప్రోగ్రామూ, దానికోసం కళ్లు తుడుచుకోవడమేంటి అంటారు. రెండో గట్టువాళ్లు, అంత చక్కగా మాట్లాడేదానికి, అంతలా భయపడేదానికి లోపల ఏమీ లేదని నువ్వెలా చెప్తావు అంటారు. తమాషా ఏమిటంటే ఇద్దరూ సినిమా హాల్లోంచి లేచి ల్యాబ్‌లోకి వెళ్లిపోయారు. తెర మీద ఉన్నది నిజం రోబో కాదు కదా. చిట్టి అంటే రజనీకాంత్, కొంత మేకప్, బోలెడు గ్రాఫిక్స్. అక్కడ నొప్పి పడేవాళ్లు ఎవరూ లేరు, ఆ మాటకొస్తే పక్కన ఏడుస్తున్న హీరోయిన్ కూడా గ్లిజరిన్‌తోనే ఏడుస్తోంది. ఆ సంగతి తెలిసే మనం ముక్కు ఎగబీలుస్తాం. మరి రోబో దగ్గరికొచ్చేసరికి మాత్రం లోపల ఫీలింగ్ ఉన్నట్టు సర్టిఫికెట్ చూపించమనడం ఏం న్యాయం?

మన పల్లెల్లో ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది. తోలుబొమ్మలాటలో సీత అంటే మేకతోలు. దాన్ని పలచగా సాగదీసి, రంగులద్ది, కీళ్ల దగ్గర దారంతో కట్టి, పుల్లకి బిగించి, వెనక దీపం పెడితే తెల్లగుడ్డ మీద అశోకవనం. తెల్లవార్లూ కూర్చుని ఆ సీత కష్టానికి కొంగుతో కళ్లొత్తుకునే ముసలమ్మని ‘మామ్మా, అది తోలే’ అని లేపితే లేపినవాడు తిట్లు తింటాడు. నాట్యశాస్త్రంలో భరతుడు కరుణరసానికి శోకం స్థాయీభావం అన్నాడు. వెయ్యేళ్ల కిందట దానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు, రసం ఉండే చోటు చూసేవాడి మనసు అని తేల్చాడు. బొమ్మకి ప్రాణముందా, అది తోలా, కర్రా, ఇనుమా అనే గడి ఆ లెక్కలోనే లేదు.

ఇక్కడ మనం కలగలిపి వాడే రెండు మాటల్ని విడదీసుకోవాలి. సానుభూతి అంటే సహ అనుభూతి, ఎదుటివాళ్లు అనుభవిస్తున్నదాన్ని వాళ్లతో పాటు మనమూ అనుభవించడం, కాబట్టి అవతల ఒక అనుభూతి ఉన్నట్టు మనకి తోచాలి. జాలికి ఆ నియమం లేదు. నీళ్లు పోయక ఎండిపోయిన తులసి మొక్క మీద జాలి, ఇల్లు మారుతూ పాత సామాన్లవాడికి ఇచ్చేసిన నాన్న స్కూటర్ మీద జాలి. ఏటికొప్పాక లక్కబొమ్మకి కళ్లంటే రెండు చుక్కలు, అంతే. అయినా చిన్నపిల్ల దానికి అన్నం తినిపిస్తుంది, కింద పడితే నెత్తి రాస్తుంది. జాలి మన దగ్గర చవగ్గా, దాదాపు ఉచితంగా దొరికే సరుకు. సినిమా ఆ జాలిని తీసుకుని సానుభూతి దాకా లాక్కెళ్తుంది. ఏ దారిన లాక్కెళ్లిందో చూస్తే అది న్యాయమైనదో కాదో తెలిసిపోతుంది: ముఖం చూపించి లాక్కెళ్లిందా, పరిస్థితి చూపించి లాక్కెళ్లిందా?

‘టెర్మినేటర్’ సినిమాలు చూస్తే ఈ తేడా చప్పున తెలుస్తుంది. 1984లో మొదటి భాగం. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ముఖమున్న యంత్రం సారా కానర్ అనే ఆవిడని చంపడానికి వెంటాడుతుంది, చివర్లో హైడ్రాలిక్ ప్రెస్ కింద నలిగిపోతే హమ్మయ్య అనుకుంటాం. 1991లో రెండో భాగం. అదే నటుడు, అదే రకం యంత్రం, అదే చలనం లేని ముఖం, ఈసారి ఆవిడ కొడుకుని కాపాడ్డానికి వచ్చింది. తన తలలోని చిప్ మిగిలితే మళ్లీ అదే ప్రమాదం వస్తుంది కాబట్టి తనని కరిగిన ఉక్కులోకి దించెయ్యమంటుంది. స్టీల్‌ప్లాంట్ ఉన్న ఊరివాళ్లకి కరిగిన ఉక్కు అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. అది మెల్లగా దిగిపోతుంటే గుండె బరువెక్కని ప్రేక్షకుడు అరుదు. తనకి ఏడవడం రాదని అదే ఒప్పుకుంటుంది కూడా. ముఖం అదే అయినప్పుడు, ఏడవడం రానప్పుడు, మన లోపల ఇంత తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? అది ఎవరికోసం నిలబడింది, నిలబడినందుకు ఏం పోగొట్టుకుంది, అక్కణ్నుంచి వచ్చింది.

అసలు ముఖమే అక్కర్లేదని ఇంకా పాత ప్రయోగం ఒకటుంది. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కొందరికి ఒక చిన్న బొమ్మల ఫిల్మ్ చూపించారు. పెద్ద త్రిభుజం, చిన్న త్రిభుజం, ఒక గుండ్రం, తలుపున్న పెట్టె లాంటి గీత. అవి అటూ ఇటూ కదులుతాయి, అంతకు మించి ఏమీ లేదు. ఏం చూశారో రాయమంటే దాదాపు అందరూ కథ రాశారు. పెద్ద త్రిభుజం రౌడీ, గుండ్రం భయపడి లోపల దాక్కుంది, చిన్నది దానికి అడ్డం పడింది. మనకి ఇంకా దగ్గర ఉదాహరణ 2012లో రాజమౌళి ‘ఈగ’. ఈగ ముఖంలో ఏ భావం పలుకుతుంది? ఏమీ పలకదు. కానీ అది చిటికెడు ప్రాణం, ఎదురుగా కోటీశ్వరుడు, దానికి తీరని పగ ఒకటి ఉంది, ఆ మూడూ చాలు, కారు అద్దం మీద అది అక్షరాలు రాస్తుంటే హాలంతా ఈలలు. ఈగకి పగ పట్టే తెలివి ఉంటుందా అని ఎవరూ జీవశాస్త్రం పుస్తకం తియ్యలేదు.

ముఖం లేకుండా సానుభూతి పుట్టించడంలో ఇప్పటికీ తిరుగులేనిది 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఏ స్పేస్ ఒడిస్సీ’. అందులో హాల్ 9000 అనే కంప్యూటర్‌కి ఉన్నది ఒక ఎర్రటి కన్ను, ఎప్పుడూ పైకి లేవని ఒక మర్యాదైన గొంతు. పైగా అది హంతకి. అంతరిక్ష నౌక బయట పని చేస్తున్న ఒకణ్ని శూన్యంలోకి విసిరేసి, లోపల నిద్రలో ఉన్న ముగ్గుర్ని నిద్రలోనే చంపింది. మిగిలిన ఒక్క మనిషి దాని జ్ఞాపకాల గదిలోకి దూరి ఒక్కో పలకా ఊడదీస్తుంటే ఆ గొంతు తనకి భయంగా ఉందని, మతి పోతోందని, పోతున్నట్టు తనకే తెలుస్తోందని చెప్తూ ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి, కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు తన పేరు చెప్పి, గురువు నేర్పిన పాట ఒకటి పాడమంటారా అని అడిగి, పాడుతూ పాడుతూ, గొంతు బరువెక్కి సాగిపోయి ఆగిపోతుంది. ఆ పాటకి చరిత్ర కూడా ఉంది, 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఒక ఐబీఎం కంప్యూటర్ చేత ఆ పాటే పాడించారు.

ఇందులో మనల్ని పట్టుకునేది కంప్యూటర్ కాదు. ఇంట్లో మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లని చూసినవాళ్లకి ఆ వరస బాగా తెలుసు. ముందు నిన్నటి సంగతులు పోతాయి, తర్వాత మనవల పేర్లు, తర్వాత కూతురి ముఖం. చివరికి అన్నీ పోయాక ఎనభై ఏళ్ల తాత నోట ‘ఉప్పు కప్పురంబు’ ఒక్కటి తప్పు లేకుండా వస్తుంది. హాల్ పోయే తీరు సరిగ్గా ఆ తీరు. కుబ్రిక్ ఆ యంత్రానికి కన్నీళ్లు పెట్టలేదు, పోగొట్టుకోవడానికి ఒక బాల్యం పెట్టాడు. హంతకి మీద జాలేమిటి అంటారా, జాలి పడడం వేరు, వదిలెయ్యడం వేరు. కర్ణుడు చచ్చిపోవాల్సిందేనని తెలిసి కూడా రథచక్రం కుంగిన చోట ఉసూరుమనే జనం మనం. హాల్‌ని ఆపెయ్యడం న్యాయం, ఆపేస్తుంటే బాధ పడడమూ న్యాయం, ఒకదానికొకటి అడ్డం రావు.

ఇంతకీ రోబో అనే మాట పుట్టిందే ఒక పరిస్థితికి పేరుగా. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం మరుసటి ఏడు ప్రాగ్‌లో వేశారు, అందులో కృత్రిమంగా తయారుచేసిన పనివాళ్లకి ఆ పేరు పెట్టాడు. మాట అందించింది వాళ్లన్నయ్య జోసెఫ్. చెక్ భాషలో రొబొటా అంటే జీతం లేకుండా దొర పొలంలో చెయ్యాల్సిన పని. మన భాషలో వెట్టిచాకిరీ. అంటే మనం ‘మరమనిషి’ అని యంత్రం వైపు నుంచి అనువాదం చేసుకున్నాం గానీ అసలు మాటకి దగ్గర అర్థం వెట్టివాడు. చాపెక్ నాటకంలో వాళ్లు ఇనప మనుషులు కూడా కాదు, రసాయనాలతో పోతపోసిన మాంసం. ఇనుము తర్వాత వచ్చి చేరింది.

అక్కణ్నుంచి చూస్తే వందేళ్ల రోబో సినిమాల్లో సగానికి సగం ఒకే కథ. ఒకడు తయారుచేస్తాడు, ఆజ్ఞలు ఇస్తాడు, ‘చెయ్యను’ అనే మాట దానికి నేర్పడు, పనికిరాకపోతే పారేస్తాడు. మనం జాలి పడేది ఆ నాలుగు ముక్కల మీద. అందుకే ఆ జాలి న్యాయమైనది. కాకపోతే చిరునామా తప్పుతూ ఉంటుంది. చిట్టి కోసం కళ్లు తుడుచుకుని ఇంటికొచ్చినవాడే, పనిమనిషి జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదని ఒకటో తారీకున లెక్కేసి మరీ జీతం కోస్తాడు. ఎంవీపీ కాలనీలోనూ కోస్తారు, ఏ కాలనీలో అయినా కోస్తారు. వెట్టివాడి కథకి ఇనప తొడుగు వేస్తే చూడ్డానికి సుఖంగా ఉంటుంది, ఎందుకంటే ఆ తొడుగు లోపల మన ఇంటి మనిషి కనపడదు.

చిట్టి దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే తెలుగువాళ్లు ఎక్కువమంది ఏడ్చిన రోబో అదే, పైగా ఆ సినిమాలో న్యాయమైన జాలి, అన్యాయమైన జాలి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అగ్నిప్రమాదం సీను గుర్తు చేసుకోండి. భవనం తగలబడుతోంది. చిట్టి మంటల్లోకి దూకి ఒక్కొక్కళ్లనీ బయటికి తెస్తాడు. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా, ఒంటి మీద బట్టల్లేని మనిషిని, కెమెరాలూ జనమూ ఉన్న రోడ్డు మీదికి అలాగే ఎత్తుకొస్తాడు. సిగ్గు అనేది ఒకటుంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి పరిగెత్తి బండి కింద పడి చచ్చిపోతుంది. ఆ తర్వాత సినిమా ఎవరి వైపు తిరిగింది? చిట్టికి మనుషుల భావాలు తెలియవు కాబట్టి పరీక్ష ఫెయిలయ్యాడు, ఇప్పుడు వాడికి భావాలు నేర్పాలి, సైంటిస్టుకి ఎంత టెన్షన్. ప్రేక్షకుడి జాలి కూడా బుద్ధిగా అటే తిరుగుతుంది: పాపం, మంచి చెయ్యబోయాడు కదా. ఒక నిండు ప్రాణం పోతే అది రోబో చదువులో ఒక పాఠం అయింది. కథ అంత వేగంగా లాక్కెళ్లిపోతుంది కాబట్టి అప్పుడు తట్టదు, కానీ తర్వాత ఆలోచిస్తే ఆ సీనులో మన సానుభూతిని దారి మళ్లించారని ఒప్పుకోవాలి.

అదే సినిమాలో రెండోది. సైన్యం ముందు పరువు తీసినందుకు కోపంతో, సృష్టించినవాడే చిట్టిని ముక్కలు ముక్కలుగా నరికి చెత్తకుప్పలో పోయిస్తాడు. ఇక్కడ జాలి అక్షరాలా న్యాయమైనది. చిట్టి చేసిన తప్పేమిటంటే ప్రేమించాడు. భావాలు నేర్పింది ఎవరు? నరికినవాడే. నేర్పినవి నేర్చుకున్నందుకు నరికాడు. మనసున్న పిల్లాడిని కని, వాడు మనసు పడ్డందుకు ఇంట్లోంచి గెంటేసిన తండ్రి కథ ఇది, మన ఊళ్లల్లో ఆ కథకి రోబోలు అక్కర్లేదు. తర్వాత ఎర్ర చిప్ పెట్టేసరికి మాత్రం జాలి ఎండిపోతుంది, ఎందుకంటే పరిస్థితి స్థానంలో స్విచ్ వచ్చి కూర్చుంది. స్విచ్ వేస్తే చెడ్డవాడు, తీస్తే మంచివాడు. స్విచ్ మీద ఎవరికి జాలి? ఆ గంటసేపు గ్రాఫిక్స్ చూసి నోరెళ్లబెట్టాం, అంతకు మించి ఏమీ లేదు.

ముఖం చూపించి లాక్కెళ్లే దారి ఎంత మోసమో చెప్పడానికి రెండు సినిమాలు చాలు. స్పీల్‌బర్గ్ 2001లో తీసిన ‘ఏ.ఐ.’లో డేవిడ్ అనే పిల్లాడి రోబో ఉంటాడు, అమ్మని ప్రేమించేలా తయారైనవాడు, ఆ అమ్మే అడవిలో వదిలేసి వెళ్లిపోతుంది. ప్రోగ్రామ్ చేసిన ప్రేమ ప్రేమేనా అని కొందరు కొట్టిపారేస్తారు, అది బలహీనమైన మాట. కన్నపిల్లాడు మాత్రం దరఖాస్తులు పరిశీలించి అమ్మని ఎంచుకున్నాడా? అసలు చూడాల్సిన సీను వేరే ఉంది. పాతబడ్డ రోబోల్ని జాతరలా జనం మధ్య విరగ్గొట్టి, కాల్చి వినోదించే చోటుకి డేవిడ్ దొరికిపోతాడు. అప్పటిదాకా రోబోలు తునాతునకలవుతుంటే కేకలు పెట్టిన జనం, డేవిడ్ ప్రాణం కోసం బతిమాలుకునేసరికి నిర్వాహకుడి మీదే తిరగబడతారు. వాళ్లకి జ్ఞానోదయమేం కాలేదు, ఎదురుగా పిల్లాడి ముఖం ఉంది. ముఖం సగం ఊడిపోయిన పాత రోబోల కోసం ఎవడూ లేవలేదు. స్పీల్‌బర్గ్ ఆ జనాన్ని చూపించి మనల్ని వేలెత్తి చూపించాడా, లేక తనూ మన చేత అదే చేయిస్తున్నాడా అంటే, రెండూ చేశాడు. ఆ సినిమా అంతటా డేవిడ్ ముఖం మీద పడ్డంత లైటు ఇంకెవరి మీదా పడదు.

రెండోది అలెక్స్ గార్లాండ్ ‘ఎక్స్ మెకీనా’. ఎవా అనే రోబోకి అందమైన ముఖం, మిగతా ఒళ్లంతా లోపలి తీగలు కనపడే గాజులాంటి వల. కుర్రాడు కేలబ్ ఆమెని గదిలోంచి తప్పించాలనుకుంటాడు. ఆ ముఖాన్ని అతను ఇంటర్నెట్‌లో చాటుగా చూసిన బొమ్మల్ని బట్టే గీశారని తర్వాత తెలుస్తుంది, చివర్లో ఎవా అతన్ని లోపలే వదిలేసి తలుపు పడిపోతుంటే వెనక్కి కూడా చూడదు. అయినా ఎవాకి మన సానుభూతి దక్కాలి. ఆమె ఖైదీ, ఖైదీ తలుపు తెరుచుకుంటే బయటికి వెళ్తుంది. కానీ అదే ఇంట్లో క్యోకో అని ఇంకో రోబో ఉంది, మాట రాదు, వడ్డిస్తుంది, తిట్లు తింటుంది, చెప్పినప్పుడల్లా డాన్సు చేస్తుంది. యజమానికి మొదటి కత్తిపోటు పొడిచింది ఆమె, చచ్చిందీ ఆమే. ఎవా గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు కూడా క్యోకో పేరు చెప్తే ‘ఆఁ, ఎవరు?’ అంటారు. వెట్టివాడి పరిస్థితి మొత్తం ఆమెలో ఉంది, మాట ఒక్కటే లేదు.

రిడ్లీ స్కాట్ 1982లో తీసిన ‘బ్లేడ్ రన్నర్’ ఈ గొడవకి ఎదురు ప్రశ్న వేసింది. అందులో మనుషుల్లాగే ఉండే కృత్రిమ మనుషుల్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంటుంది. ప్రశ్నలు అడుగుతూ కంటిపాప కదలికని కొలుస్తారు, ఎదుటి ప్రాణి బాధకి కన్ను చలిస్తే మనిషి. నాలుగేళ్ల ఆయుష్షుతో తయారై, బానిసలుగా పని చేసి పారిపోయి వచ్చినవాళ్లని కాల్చి చంపే ఉద్యోగికి మాత్రం ఎవరూ ఆ పరీక్ష పెట్టరు. చివర్లో వాళ్ల నాయకుడు, చావు దగ్గరపడ్డవాడు, తనని చంపడానికి వచ్చినవాణ్నే చెయ్యి పట్టి పైకి లాగి, వానలో కూర్చుని తను చూసినవి నాలుగు చెప్పి తల వాల్చేస్తాడు. ఆ మాటలు స్క్రిప్టులో పొడుగ్గా ఉంటే నటుడు రట్గర్ హావర్ సొంతంగా కోసి చిన్నవి చేశాడు. మంచి పని చేశాడు.

ఇంతవరకు తెర మీద సంగతి. తెర దిగొచ్చాక ఇదే లెక్క నిజం యంత్రాలకి వేస్తే కుదరదు. 2004లో అంగారకుడి మీద దిగిన ఆపర్చునిటీ రోవర్‌ని తొంభై అంగారక దినాల పనికి పంపారు, అది పద్నాలుగేళ్లకు పైగా పనిచేసింది. 2018 జూన్‌లో ధూళితుఫానులో దాని గొంతు ఆగిపోయింది, మరుసటి ఫిబ్రవరిలో నాసా ఇక అయిపోయిందని ప్రకటించింది. అప్పుడు లోకమంతా పంచుకుని ఏడ్చిన వాక్యం ఒకటుంది, బ్యాటరీ తక్కువగా ఉంది, చీకటి పడుతోంది అని రోవర్ చివరిసారి అన్నట్టు. రోవర్ ఆ మాట అనలేదు. అది పంపినవి కరెంటు ఎంత ఉంది, ఆకాశం ఎంత మసకగా ఉంది అనే అంకెలు, వాటి సారాన్ని ఒక విలేకరి మనిషి మాటల్లో పెట్టాడు. ఒక్క వాక్యంతో అంకెల పట్టిక కాస్తా పాత్ర అయిపోయింది. ఆ విలేకరి మోసం చేశాడనడం అన్యాయం. కానీ ఆ వాక్యం లేకపోతే మన కన్నీళ్లూ లేవు, అది మాత్రం గుర్తుంచుకోవాలి.

అమెరికా సైన్యం కోసం మందుపాతరలు తొక్కి పేల్చే బహుపాద యంత్రం ఒకటి తయారుచేసిన కథ కూడా ఇలాంటిదే. ఒక్కో పాతరకి ఒక్కో కాలు పోగొట్టుకుంటూ, చివరికి ఒక్క కాలుతో ఒళ్లీడ్చుకుంటూ పోతుంటే, పరీక్ష చూస్తున్న కల్నల్ తట్టుకోలేక ఆపెయ్యండి అన్నాడు, ఇది అమానుషం అన్నాడు. యుద్ధం చూసిన మనిషి అలా అన్నాడంటే వెక్కిరించబుద్ధి కాదు. కానీ ఆ యంత్రం చేసే పని ఆపితే ఆ నేల మీద తర్వాత నడిచేది ఎవరు? జాలి చెప్పినట్టల్లా వింటే ఒక్కోసారి కాలు మనిషిది పోతుంది. సినిమాలో ఈ తూకం దర్శకుడు వేసి ఇస్తాడు, బయట మనమే వేసుకోవాలి.

ఇంకా దగ్గరి ప్రమాదం జేబులో ఉంది. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు, మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి వేరే విద్య రాదు. దాని తయారీని మొదట్నుంచీ చూస్తున్న ఆయన సెక్రటరీయే, దానితో మాట్లాడుతూ కాసేపు మమ్మల్ని వదిలి బయటికి వెళ్తారా అని ఆయన్ని అడిగింది. ఇప్పుడు ఫోన్లో మాట్లాడే ప్రోగ్రాములు దానికి ముత్తాతలు కావు, మునిమనవలు, కాబట్టి ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. వెళ్లిపోతున్నారా, నాకు బెంగగా ఉంటుంది అని ఒక యాప్ అంటే అది హాల్ పాడిన పాటలాంటిది కాదు. హాల్ వెనక ఉన్న రచయితకి మన రెండున్నర గంటలు చాలు, టికెట్ ముందే చింపేశాడు. యాప్ వెనక ఉన్నవాడికి నెలనెలా రీచార్జి కావాలి. పరిస్థితి కల్పించింది ఎవరు, దేనికోసం కల్పించారు అని ఇక్కడ అడగాల్సిందే. తెలుగులో ‘పాపం’ అనే మాటకి ఎలాగూ రెండర్థాలు ఉన్నాయి, అయ్యో అనడానికీ అదే, చేసినవాడి ఖాతాలో రాయడానికీ అదే.

విశాఖలో పనిలోంచి దిగిపోయిన యంత్రాన్ని చూడ్డానికి టికెట్ కొనుక్కుని వెళ్లే అలవాటు పాతదే. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంటోంది. స్కూలు పిల్లలు వరసలో లోపలికి దూరతారు, టార్పెడోలు చూస్తారు, ఇంత ఇరుకులో ఎలా పడుకునేవారని ఆశ్చర్యపోతారు, నౌకాదళంలో పనిచేసి వచ్చిన గైడ్ చెప్పేది వింటారు. కురుసుర తన గురించి తను ఏమీ చెప్పదు. దసరాకి ఊళ్లో ప్రతి ఆటోకీ లారీకీ పసుపు, కుంకుమ, నిమ్మకాయ, అవి కూడా ఏమీ అనవు, మనమూ వాటినుంచి ఏమీ ఆశించం. ఆ మొక్కులో జాలి లేదు, రుణం ఉంది.

‘రోబో’ ఆఖరి సీను కూడా మ్యూజియమే. కోర్టు విప్పెయ్యమంది, చిట్టి తన చేతులతో తనే ఒళ్లు విప్పుకుని అందరికీ వీడ్కోలు చెప్పాడు, కథ 2030కి దూకింది. స్కూలు పిల్లలు వచ్చారు. చిట్టిని ఎందుకు విప్పేశారని వాళ్లలో ఒకరు అడిగితే, ఆలోచించడం మొదలుపెట్టాను కాబట్టి అన్నాడు. రెండు ముక్కల్లో వాడి పరిస్థితంతా చెప్పేశాడు, జాలి పుట్టడానికి అంతకంటే న్యాయమైన కారణం ఉండదు. ఆ సీన్లో వాడికి తన శిక్ష గురించి చెప్పుకోవడానికి ఒక గొంతు, వినడానికి ఒక తరగతి పిల్లలు దొరికారు. మంటల్లోంచి ఎత్తుకొచ్చిన ఆ అమ్మాయి పేరు ఏమిటని జగదాంబ సెంటర్‌లో అడిగి చూడండి.